ఎడంకాలు క్లచ్చు మీద

జూన్ 4

మావయ్యా,

క్షేమంగా చేరాను. ఫోను ఎత్తడం లేదని అమ్మ కంగారు పడుతుంటే ఈ ఉత్తరం చదివి వినిపించు. గేటు దగ్గరే అందరి ఫోన్లూ తీసుకుని తాళం వేసేశారు. టూరు అయ్యేదాకా ఇవ్వరట. లోపలి సంగతి ఒక్కటి కూడా బయటికి పొక్కకూడదని కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. ఉత్తరాలు రాసుకోవచ్చు. వాటినీ విప్పి చూస్తారని నా పక్క మంచం అమ్మాయి అంటోంది. నిజమో, కొత్తదాన్నని బెదిరిస్తోందో తెలీదు. కాబట్టి అమ్మతో నీ తగాదాలు రాసేటప్పుడు కాస్త చూసుకుని రాయి.

మా కుట్టుగది కింది అంతస్తులో ఉంది, కిటికీ లేదు. మూడు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, దాని వెనక ఎప్పుడూ దగ్గుతూ ఉండే ఇస్త్రీ తాత. పైన మా పాటల జట్టు 'మెరుపులు' ఐదుగురూ గంతులేస్తుంటే కప్పు నుంచి సున్నం రాలి బట్టల మీద పడుతుంది. టీవీలో దేవుడు తీరిగ్గా చేసిన బొమ్మల్లా కనిపిస్తారా, కొలతలకి వచ్చినప్పుడు చూడాలి! ఒకడికి ఎప్పుడూ ఆకలే. ఒకడు చేతులు చాపి నిలబడే కునుకు తీస్తాడు. అందరిలోకీ చిన్నోడు ఒక్కడే నన్ను 'అక్కా' అని పిలిచి మాట్లాడతాడు. మిగతా వాళ్ళకి నేనూ కుట్టు మిషనూ ఒకటే.

నువ్వు బస్సు డిపోలో పాటల్ని వెక్కిరిస్తూ ఎలా ఆడుకుంటావో వాళ్ళకి చెబుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మా వాళ్ళ జోలికి మాత్రం రాకు, ముందే చెబుతున్నా.

దారం తెగింది, పిలుస్తున్నారు.

నీ కోడలు

జూన్ 15

కోడలు పిల్లకి మావయ్య దీవెనలు.

'మా వాళ్ళ జోలికి రాకు' అని రాశావు చూడు, అది కోతి చేతికి కొబ్బరికాయ ఇచ్చి కొట్టకు అన్నట్టుంది. కొట్టేశాం. ముక్కలు ఊరంతా పంచేశాం కూడా.

ఆలకించు. మన డిపోలో బస్సులు కడిగే షెడ్డు ఉంది కదా, అక్కడ ఐదుగురం నిలబడ్డాం. నేను, 'రైట్ రైట్' అని అరిచి అరిచి గొంతు కంచు చేసుకున్న నా కండక్టరు, పేరుకి బక్కోడు గానీ రెండు సీట్లు పట్టే మెకానిక్కు, రేపో మాపో రిటైరయ్యే టైమ్‌కీపరు, క్యాంటీన్ ఆయన. అందరివీ ఖాకీ చొక్కాలు, అందరి బొత్తాలూ బొజ్జ దగ్గర ప్రాణం బిగబట్టుకుని ఉన్నాయి. వాళ్ళు మెరుపులైతే మేము 'ఉరుములు' అన్నాడు మెకానిక్కు. మెరుపు వచ్చాక ఉరుము రావాలిగా మరి!

వాళ్ళేమో 'ఆగలేను నీ కోసం, ఆకాశం దాటేస్తా' అంటారా? మేము 'ఆగలేను నీ కోసం, ఆలస్యం అయిపోతా, నీ స్టాపే కాదంటే నేనెట్టా ఆపేస్తా' అన్నాం. మెకానిక్కు కూతురు వీడియో తీసి నెట్‌లో పెట్టింది. అంతే! ఇప్పుడు నేను స్టాపులో బస్సు ఆపితే ఎక్కేవాళ్ళకంటే ఫొటోలు తీసుకునేవాళ్ళే ఎక్కువ.

అసలు గొప్ప ముక్క ఇంకా చెప్పలేదు. నాది మీ చిన్నోడి వేషం. ఒకణ్ణి వెక్కిరించాలంటే ముందు వాడిలా నిలబడాలి, వాడిలా ఊపిరి తీయాలి, అప్పుడే నవ్వు పుడుతుంది. క్యాంటీన్ టీవీలో పాట పెట్టించుకుని చూస్తుంటే ఒకటి దొరికింది. ఎగిరి దిగేటప్పుడు నలుగురూ ఎడంకాలి మీద దిగుతుంటే, వీడొక్కడూ కుడికాలి మీద దిగుతున్నాడు. ఎడంకాలు నేలకి ఆనీ ఆనకుండా తేల్చి పెడుతున్నాడు. అచ్చం కొత్త డ్రైవరు క్లచ్చు మీద సగం కాలు పెట్టినట్టే! ఇక చూస్కో, పాట తన్నుకుంటూ వచ్చింది.

'ఎడంకాలు క్లచ్చు మీద, ఎద చూస్తే టాపు మీద!'

నేను ఒంటికాలి మీద బొజ్జ ఊపుకుంటూ తిరుగుతుంటే మీ అమ్మ కూడా నవ్వింది. మా అక్కయ్య నవ్వడమంటే మాటలు కాదు, నీకు తెలుసుగా.

అక్కడ మీ వాళ్ళు చూశారా? ఏమన్నారు? వివరంగా రాయి. డ్యూటీ పడింది, ఇక కదలాలి.

నీ మావయ్య, ఉరుము నంబర్ వన్

జూన్ 21

మావయ్యా,

నీ ఉత్తరం రాకముందే ఇక్కడ అందరూ పై హాల్లో టీవీలో పాట చూశారు.

ఆ పాట తీయించెయ్. ఎలాగైనా సరే, మెకానిక్కు గారమ్మాయికి చెప్పి వెంటనే తీయించు. ఎందుకని అడగకు. నేను చెప్పలేను, చెప్పకూడదు. ముఖ్యంగా ఆ క్లచ్చు సంగతి ఇంకెక్కడా ఎత్తకు.

ఇంకో మాట. నువ్వు నాకు మావయ్యవని ఎవరి దగ్గరా అనకు. ఎవరైనా వచ్చి అడిగినా తెలీదని చెప్పు. అమ్మకి కూడా చెప్పి ఉంచు.

ఇంతకంటే రాయలేను. నా మీద ఒట్టు.

జూన్ 27

చిరంజీవి కోడలికి,

ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మా పాటని మెచ్చుకుంటూ ఒక్క ముక్కైనా ఉందేమో అని వెనక వైపు కూడా తిప్పి చూశాను.

నేను నీకు మావయ్యనని ఎవరితోనూ అనకూడదా? సరే, అనను. ఖాకీ చొక్కా, బొజ్జ, ఒంటికాలి గంతులు, ఇవన్నీ నీకు అక్కడ తలవంపులుగా ఉంటాయని నాకు తట్టలేదు. పెద్ద పెద్దవాళ్ళ మధ్య ఉన్నావు కదా. మీ అమ్మ 'పిల్ల అలాంటిది కాదురా, వేరే ఏదో ఉంది' అంటోంది. ఏదో ఉంటే రాయొచ్చుగా? రాయడానికి చెయ్యి రాకపోతే దాన్ని సిగ్గు కాక ఇంకేమంటారు?

లేకపోతే ఆ కంపెనీ వాళ్ళు పక్కన నిలబడి నీ చేత రాయించారా? అలాగైతే మాత్రం అస్సలు తీయం. వెక్కిరింతకి ఉలిక్కిపడేవాడే ఎక్కువ వెక్కిరించబడతాడని వాళ్ళకి చెప్పు.

అయినా తీయించడానికి అదేమైనా గోడమీద పోస్టరా? మెకానిక్కు పిల్ల తీసేసినా వెయ్యిమంది దగ్గర ఉంది. బడి పిల్లలు ఒంటికాలి మీద గెంతుతూ బస్సెక్కుతున్నారు. నోరు జారిన మాట, స్టాండు దాటిన బస్సు, వెనక్కి రమ్మంటే వస్తాయా?

ఆరోగ్యం జాగ్రత్త.

ఒక బస్సు డ్రైవరు

జూలై 3

మావయ్యా,

'ఒక బస్సు డ్రైవరు' అని సంతకం పెట్టావు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

సిగ్గు కాదు. అమ్మ చెప్పిందే నిజం. నమ్ము, నమ్మకపో.

గేటు బయట అభిమానులు పొద్దుటినుంచీ 'క్లచ్చు! క్లచ్చు!' అని అరుస్తున్నారు. ముందు ముద్దుగా అరిచేవాళ్ళు, ఇప్పుడు అందులో ముద్దు లేదు. చిన్నోడు మా గదికి వస్తున్నాడు గానీ 'అక్కా' అనడం లేదు. కాలు చాపి కూర్చుంటాడు, నా పని నేను చేస్తాను, లేచి వెళ్ళిపోతాడు. మేనేజరమ్మ మమ్మల్ని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, 'ఆ డిపో వాళ్ళు నీకు తెలుసా?' అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఊపాక నా మెడ నాది కాదనిపించింది. ఈ ఉత్తరం నిజంగా విప్పి చూస్తే దొరికిపోతాను, అయినా రాస్తున్నాను.

ఇంకో పాట మాత్రం చెయ్యకు. ఎవరు పిలిచినా వెళ్ళకు. ఇదొక్కటి చాలు.

నీ కోడలు (నువ్వు కాదన్నా)

జూలై 6

కోడలికి,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. రాకపోయినా ఈ సంగతి నేనే చెప్పాలి, ఇంకొకళ్ళ నోట వినడం బాగోదు.

మీ మేనేజరమ్మ మా డిపోకి ఫోను చేసింది. టూరు మొదటి షోకి ఉరుములు రావాలట! మేం ఐదుగురం ముందు స్టేజీ ఎక్కి మా పాట పాడాలి. నేను క్లచ్చు ముక్క చెయ్యాలి, జనం నవ్వాలి. అప్పుడు మీ చిన్నోడు పెద్ద పెట్టె ఎక్కి, అక్కణ్ణుంచి ఎగిరి దూకి, సరిగ్గా ఎడంకాలి మీద దిగి నిలబడతాడట. 'మీరు వెక్కిరించండి, మా వాడు జవాబు చెబుతాడు' అంది. గడుసుదే! మాకూ నచ్చింది. వెక్కిరింత అన్నాక ఎదుటివాడి చేత ఒక దెబ్బ తినాలి, అప్పుడే అది ఆట అవుతుంది.

టైమ్‌కీపరు కొత్త బూట్లు కొన్నాడు. మెకానిక్కు పొద్దున్నే పరిగెడుతున్నాడు, అంటే నడుస్తున్నాడు. పద్నాలుగో తారీకున షో.

నువ్వేమీ భయపడకు. అక్కడ నిన్ను చూసినా చూడనట్టే పోతాను. నా నోటివెంట నీ మాట రాదు.

మావయ్య

జూలై 10

మావయ్యా,

ఇది గేటు దగ్గర పెట్టెలో వెయ్యడం లేదు. ఇస్త్రీ తాత చొక్కా లోపల పెట్టుకుని బయట పోస్టు చేస్తానన్నాడు. అందుకే అంతా రాస్తున్నాను.

చిన్నోడి ఎడం చీలమండ ఎముక చిట్లింది. నేను రాకముందే ప్రాక్టీసులో పడ్డాడు. బరువు మోపితే విరుగుతుందని, ఆపరేషను కూడా కావాల్సి రావొచ్చని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి తెలిసింది డాక్టరుకి, మేనేజరమ్మకి, వాడికి, నాకు. నాకెందుకంటే, వాడి బూటు లోపల ఇనుప పట్టీలు పెట్టి, పైకి కనిపించకుండా తోలు కుట్టేది నేనే. రోజూ పొద్దున్నే పాదానికి బిగించి కుట్లు వేస్తాను, సాయంత్రం విప్పుతాను. విప్పేటప్పుడు పళ్ళ బిగువున ఓర్చుకుంటాడు. 'ఎవరికీ చెప్పకు అక్కా, నేను పక్కకి తప్పుకుంటే నా చోట్లో నిలబడటానికి ఇంకొకడు రెడీగా ఉన్నాడు' అని చేతులు పట్టుకున్నాడు. నేను మాటిచ్చాను.

అప్పుడు నీ పాట వచ్చింది. అందరూ చూసి దొర్లి దొర్లి నవ్వారు, వాడూ నవ్వాడు. క్లచ్చు దగ్గరికి వచ్చేసరికి వాడి నవ్వు ఆగిపోయి నా వైపు చూశాడు. మావయ్యా, ఆ చూపు! నేనే చెప్పాననుకున్నాడు. మేనేజరమ్మ కూడా ఎవరో చెప్పారనే అనుకుంది. నువ్వు చూసి పట్టేశావని చెబితే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు ఆ ఎగతాళి నోరు మూయించడానికి వాణ్ణి పెట్టె మీంచి దూకిస్తున్నారు. దూకితే కాలు పోతుంది.

రాకు. వచ్చినా క్లచ్చు చెయ్యకు. నువ్వు వెక్కిరించకపోతే వాడు జవాబు చెప్పక్కర్లేదు.

ఇది నీకు సమయానికి అందాలి.

నీ కోడలు

జూలై 16

మావయ్యా,

నా ఉత్తరం అందిందా? అంది కూడా వచ్చావా?

నన్ను స్టేజీ వెనక బట్టల గదిలో ఉంచారు. షో అయ్యేదాకా బయటికి రాకూడదన్నారు. గోడ అవతల నుంచి వినడమే. ముందు నీ గొంతు. తరువాత నవ్వు, గోడలు కదిలేంత నవ్వు. తరువాత 'ఎడంకాలు క్లచ్చు మీద'. అక్కడ చెవులు మూసుకున్నాను. తీసేసరికి పాట లేదు. 'దూకు! దూకు!' అని అరుపులు, ఆ హోరులో మైకులో ఏదో మాట, ఏమన్నారో తెలీలేదు. ఆ తరువాత ఏమీ లేదు. అంతమంది మనుషులు ఉన్నచోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

తలుపు తీసి మమ్మల్ని పెట్టెలతో సహా బస్సెక్కించారు. ఇప్పుడు ఇంకో ఊళ్ళో, ఇంకో కిటికీ లేని గదిలో ఉన్నాం. చిన్నోడు లేడు. మేనేజరమ్మ లేదు. దూకాడని ఒకళ్ళు, పడ్డాడని ఒకళ్ళు, లావుపాటి డ్రైవరు వాణ్ణి లాగి పడేశాడని ఒకళ్ళు. మిగతా నలుగురూ నోరు విప్పడం లేదు.

ఏం జరిగిందో రాయి. నువ్వు తెలిసి తెలిసి ఆ పాట పాడి ఉంటే మాత్రం రాయకు.

జూలై 19

కోడలమ్మా,

'ఎవరు పిలిచినా వెళ్ళకు' అన్నది ముందే అందింది, పౌరుషం కొద్దీ పట్టించుకోలేదు; కాలి సంగతి రాసిన ఉత్తరం మాత్రం నేను బయలుదేరాక అందింది. తిరిగొచ్చేసరికి మీ అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతిలో విప్పిన ఉత్తరం. నన్ను లోపలికి కూడా రానివ్వకుండా 'చదువు' అంది. అప్పటికి నాకు సగం తెలుసు. ఎలా తెలిసిందో చెబుతాను.

షో మొదలవ్వడానికి ముందు తెర వెనక నిలబడ్డాం. మీ చిన్నోడు నా దగ్గరికి వచ్చాడు. ముఖానికి అంత రంగు పూసినా కింద చెమట కనిపిస్తోంది.

"అంకుల్, ఒక్క మాట. మీకెవరు చెప్పారు?"

"ఏం చెప్పడం బాబూ?"

"నా కాలి సంగతి."

హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను. "కాలికేమైంది?"

వాడు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "తెలీదా? మరి ఆ క్లచ్చు?"

"నువ్వు టీవీలో ఎలా దిగితే నేనూ అలా దిగాను. ఎవరూ చెప్పలేదు."

"ఎవరూ చెప్పలేదా?" అని గోడకి ఆనుకున్నాడు. "నేను బట్టలు కుట్టే అక్కే చెప్పిందనుకున్నాను. ఆవిడతో మాట్లాడటం మానేశాను."

అప్పుడు వెలిగింది నాకు. ఎందుకని అడగకు, నా మీద ఒట్టు అని నువ్వు రాసిన ముక్కలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

"మరి దూకడం ఎందుకురా?"

"దూకకపోతే మెరుపుల్లో నేనుండను అంకుల్."

ఇంకో మాటకి వ్యవధి లేదు. మమ్మల్ని స్టేజీ మీదకి తోశారు.

పాడాను. ఏం పాడానో తెలీదు. క్లచ్చు దగ్గరికి రాగానే నోరు మూసుకున్నాను, కాళ్ళు నేలకి పాతేసినట్టు నిలబడ్డాను. ఏం లాభం? నేను మూసుకుంటే జనం మూసుకుంటారా? హాలు హాలంతా లేచి అందుకుంది. నువ్వు గోడ అవతల విన్నది వాళ్ళ గొంతే. నా పాట నా చేతుల్లో లేదు. పిల్లలూ పెద్దలూ ఒంటికాలి మీద లేచి, నా ముఖంలోకి చూస్తూ నవ్వుతున్నారు. ఇంతకాలం ఆ నవ్వు కోసమే బతికాను. ఆ క్షణాన అది వినలేక తల దించుకున్నాను.

చిన్నోడు పెట్టె ఎక్కాడు. డప్పులు జోరందుకున్నాయి. పక్కన నీడలో మీ మేనేజరమ్మ వేలు ఆడిస్తోంది, దూకమని. నేను వెనక్కి తిరిగి కండక్టరుతో "ఆపరా, ఎలాగైనా ఆపరా" అన్నాను. వాడికి ఆపడమంటే ఒకటే తెలుసు. ఛాతీ నిండా ఊపిరి తీసి "హోల్డాన్!" అని ఒక్క కేక పెట్టాడు. డప్పుల వాళ్ళు ఉలిక్కిపడి ఆగిపోయారు. జనం అది కూడా మా ఆటేననుకుని పగలబడి నవ్వారు.

ఆ నవ్వులో నేను పరిగెత్తి పెట్టె కింద వీపు వంచి నిలబడ్డాను.

"బాబూ, నా మీదకి దిగు. నవ్వితే నన్ను చూసి నవ్వుతారు."

"వద్దు అంకుల్, వాళ్ళు చూస్తున్నారు."

"చూడనీ. దిగు."

వాడు దిగాడు. మెల్లగా, కుడికాలు ముందు పెట్టి, నా భుజాలు పట్టుకుని. వాడి గుండె నా వీపుకి కొట్టుకోవడం తెలుస్తోంది. ముందు వరసల్లో నవ్వారు. వెనకనుంచి 'దూకు! దూకు!' అని మొదలెట్టారు. ఎవరో సీసా విసిరితే మెకానిక్కు భుజానికి తగిలింది. నేను వాణ్ణి మోసుకుని పక్కకి తప్పించేద్దామని అడుగు వేశాను. వాడు నా చెవి దగ్గర "ఆగండి" అన్నాడు.

నా వీపు మీదనుంచే మైకులో చెప్పాడు. "నేను దూకలేను. నా కాలి ఎముక చిట్లింది. ఈయన వెక్కిరించింది ఉన్నదే."

నువ్వు విన్న నిశ్శబ్దం అదే. ఆ తరువాత మైకు కోసేశారు, దీపాలు ఆర్పేశారు. ఆ చీకట్లో వాణ్ణి దించలేదు నేను. వెనక తలుపులోంచి వ్యాను దాకా మోశాను. వాడు ఏడవలేదు. వాళ్ళమ్మ ఆసుపత్రికి వచ్చాక ఏడ్చాడు. ఆపరేషను చేస్తారట. మళ్ళీ ఆడగలడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

పాట మెకానిక్కు కూతురు తీసేసింది. లోకంలో ఉన్నవి ఉన్నాయి. నిన్న ఒక పిల్లాడు బస్సెక్కుతూ ఒంటికాలి మీద గెంతితే, నాకు తెలీకుండానే వాణ్ణి కసిరాను. బిత్తరపోయాడు పాపం.

అమ్మా, నేను వెక్కిరించడానికి వాడి కాలు చూశాను గానీ నీ ఉత్తరంలో నిన్ను చూడలేదు. సిగ్గుపడ్డావనుకున్నాను. నీకు ఏం రాయాలనిపిస్తే అది రాయి. తిట్టినా సరే.

మావయ్య

జూలై 25

మావయ్యా,

తిట్టాలనే కలం పట్టుకున్నాను. నువ్వు ఒక్కసారి నా మాట నమ్మి ఉంటే ఆ పెట్టె దాకా వచ్చేది కాదు. ఆ సంగతి నీకూ తెలుసు, ఇంక అనను.

నన్నూ అనుకోవాలి. నువ్వు తెలీక చేశావు. నేను అన్నీ తెలిసి రోజూ పొద్దున్నే ఆ పట్టీలు కుట్టాను. ఊడిపోతే అందరికీ కనిపిస్తుందని గట్టిగా కుట్టాను. మాటిచ్చాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యోగం కోసమేనేమో, ఇప్పుడు విడదీసి చూస్తే రెండూ కలిసిపోయి ఉన్నాయి.

మేనేజరమ్మ నిన్న ఇక్కడికి వచ్చింది. కుట్టుగదిలో అందరినీ నిలబెట్టి, 'ఆ డ్రైవరుతో ఎవరు చేతులు కలిపారు?' అంది. నా పక్క మంచం అమ్మాయి ఏడుపు మొదలెట్టింది, తనకి కొత్తగా పెళ్ళి కుదిరింది, పని పోతుందని. ఇస్త్రీ తాత దగ్గు ఆపుకుంటున్నాడు. అందరూ నేలచూపులు.

"ఆయన మా మావయ్య" అన్నాను.

ఆవిడకి వినిపించనట్టు "ఏంటి?" అంది.

"మా అమ్మ తమ్ముడు. సొంత మావయ్య. ఆయనకి నేనేమీ చెప్పలేదు. కానీ ఆయన మా మావయ్యే."

"మొదటిసారి అడిగినప్పుడు తెలీదన్నావు?"

"భయపడి అన్నాను. ఇప్పుడు మళ్ళీ అడగండి."

అడగలేదు. సామాను సర్దుకోమంది. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేశాను. తలుపు దాటుతుంటే ఆకలి కుర్రాడు ఎదురొచ్చి, ఆసుపత్రి పేరూ వార్డూ రాసిన చీటీ నా చేతిలో పెట్టి, చటుక్కున వెళ్ళిపోయాడు.

నేను తిన్నగా ఇంటికి రావడం లేదు. ముందు చిన్నోడి దగ్గరికి వెళ్ళాలి. మొహం తిప్పుకుంటాడేమో, వాళ్ళమ్మ నన్ను నాలుగు తిడుతుందేమో. ఆ డాక్టరు చెప్పినా దాచిపెట్టి నడిపించారని ఆవిడకి ఎవరో ఒకరు చెప్పాలి కదా, కుట్టిన దాన్ని నేనే చెబుతాను. ఒంటరిగా మాత్రం వెళ్ళలేను.

శనివారం పొద్దున ఆసుపత్రికి రా. ఖాకీ వద్దు, వేషం వద్దు, వాణ్ణి నవ్వించాలని కూడా చూడకు. ఊరికే నా పక్కన నిలబడు. వార్డు తలుపు దగ్గర నర్సు 'ఈయన ఎవరు?' అని అడుగుతుంది. నువ్వు మాట్లాడకు.

నేను చెబుతాను.

నీ కోడలు